సంగటిలో దాచిన మాత్రలు

ఆరోగ్య కార్యకర్తగా చేరితే శిక్షణలో మీకొక పటం ఇస్తారు. అందులో నిండు గర్భిణి ఒకామె నవ్వుతూ కూర్చుని ఉంటుంది. పక్కన భర్తా, అత్తమామలూ కూడా నవ్వుతుంటారు. ఆమె అరచేతిలో ఎర్రటి ఐరన్ మాత్ర. ఈ పటం చూపించి, రక్తహీనత గురించి నాలుగు ముక్కలు చెబితే ఆడవాళ్లు మాత్రలు మింగేస్తారని మీకు నేర్పుతారు. నాకూ అలాగే నేర్పారు. ఆ పటాన్ని ఇంటికి తీసుకెళ్లి బీరువాలో చీరల కింద పరుచుకోండి. అంతకు మించి దాని ఉపయోగం నేను ముప్పై మూడేళ్లలో చూడలేదు.

నేను కోలారు జిల్లాలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఊళ్లలో మమ్మల్ని నర్సమ్మ అంటారు. పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, గని కార్మికుల లైన్ ఇళ్లలో. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గనిలో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఉద్యోగంలో ఎక్కడెక్కడికి బదిలీ అయ్యాను, ఎప్పుడు ఏ హోదా వచ్చింది అన్నవి ఇక్కడ రాయను. వాటివల్ల నాకే ఏమీ తెలిసిరాలేదు, ఇక మీకేం తెలుస్తుంది?

రాసేది ఒక్క సంగతి గురించి. నేను గడప తొక్కిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగేవాళ్లు. భార్య రక్తం మాత్రలు మింగడం లేదు, ఎలా మింగించాలి? నాన్న బలం పొడి తాగడం లేదు, ఎలా తాగించాలి? అందరూ ప్రేమతోనే అడిగేవాళ్లు. నేను చాలా ఏళ్లు దీనికి తప్పు జవాబులే చెప్పాను. వాటిలో ఒకటి ఒక పసిదాన్ని ఆసుపత్రిపాలు చేసింది.

వరుసలో నిలబెట్టి

మా ఆరోగ్య కేంద్రానికి ఒక డాక్టరు వచ్చాడు. ఆయనకు జనం మీద నమ్మకం లేదు, ఫొటోల మీద మాత్రం గట్టి నమ్మకం. ప్రతి గురువారం గర్భిణులందరినీ వరండాలో వరుసగా నిలబెట్టి, తలా ఒక మాత్ర చేతిలో పెట్టి, "ఇప్పుడు మింగండి" అని మైకులో చెప్పేవాడు. పదిమంది ఆడవాళ్లకు మైకెందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు. వాళ్లు మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించేవాళ్లు. ఫొటో తీసేవాళ్లం. పై ఆఫీసులో ఆ ఫొటోలు చూసి మెచ్చుకున్నారు. పక్క కేంద్రాల వాళ్లను కూడా మా దగ్గరికి పంపి చూసి నేర్చుకోమన్నారు.

నెలన్నర గడిచాక వరండా చివర పూలకుండీలకు నీళ్లు పోసే ఆయా నన్ను పిలిచింది.

"ఏమ్మా నర్సమ్మా, ఈ కుండీల్లో ఎర్రమన్ను ఎవురు పోసినారు? నేను పొయ్యలేదే!"

అది ఎర్రమన్ను కాదు. మాత్రల మీది పూత కరిగి మట్టికి ఆ రంగు వచ్చింది. మా ఆడవాళ్లు మాత్రను దవడకు పెట్టుకుని, నోరు తెరిచి చూపించి, వెళ్తూ వెళ్తూ కుండీలో ఉమ్మేసి పోయేవాళ్లు. నేను పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "కుండీలు తీసెయ్యండి" అన్నాడు. తీసేశాం.

ఆయన్ను చూసి నవ్వుకున్నాను గానీ, నేను చేస్తున్నదీ అదేనని అప్పట్లో తట్టలేదు. నాకు మైకు లేదు, అంతే తేడా.

డబ్బాల భక్తి

ఊళ్లలో మాత్రలైతే, మా కేజీఎఫ్‌లో డబ్బాలు. గనులు మూతపడ్డాక మా పిల్లలంతా తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, చీకటిపడ్డాక వస్తున్నారు. పొద్దంతా ఇంట్లో లేమన్న బాధ వాళ్లను తినేస్తుంటుంది. ఆ బాధకు మందుగా స్టేషను పక్క దుకాణంలో ప్రోటీన్ పొడి డబ్బా కొనుక్కొస్తారు. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషికీ, గని దుమ్ము పీల్చి పీల్చి ఎండిపోయిన మన ముసలాయనకూ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు.

మా వీధిలో గంగులప్ప అని, గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఆయన కూతురు సుజాత ఒక ఆదివారం నన్ను చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకుపోయింది. అలమరలో నాలుగు డబ్బాలు సీలు తీయకుండా వరుసగా ఉన్నాయి.

"నువ్వు చెప్పక్కా ఈయనకి. నేను చెప్పి చెప్పి సాలైపోయింది. నా మీద ప్రేమ ఉంటే తాగడా?"

ఈ మాట మీకు వెయ్యిసార్లు వినబడుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పొడి తాగడానికీ ప్రేమకూ ముడిపెట్టాక, ఆ మనిషి తాగితే ఓడిపోయినట్టు, తాగకపోతే రాక్షసుడైనట్టు. ఇంక ఆయనకు దారేది?

గంగులప్ప మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. పొద్దున ఏం తిన్నావప్పా అని అడిగాను. సంగటి అన్నాడు. మధ్యాహ్నం? సంగటి. శనక్కాయలు, గుగ్గిళ్లు, కోడికూర ఏమీ తినవా అన్నాను. ఆయన నోరు తెరిచి చూపించాడు. దవడపళ్లు ఒక్కటీ లేవు.

"యాడ నమిలేదమ్మా? సంగటయితే మింగితే సాలు."

నాలుగు డబ్బాలు మోసుకొచ్చిన పిల్ల నాన్న నోట్లోకి ఒక్కసారి చూడలేదు. పళ్లసెట్టు కట్టించారు. ఆయన ఇప్పుడు గుగ్గిళ్లు తిని, ఎదురింటి వాళ్లతో గొడవ కూడా పడుతున్నాడు. డబ్బాల్లో సుజాత చింతపండు పోసి పెట్టుకుంది. పొడి ఎవరికైనా నిజంగా అవసరమే కావచ్చు. ఆ సంగతి రక్తం, మూత్రం పరీక్షలు చూసిన డాక్టరు చెప్పాలి గానీ డబ్బా మీది కండలవాడు కాదు.

లక్కూరు వైపు పట్టుపురుగుల ఇల్లు

ఇక అసలు కథ. ఇది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మాలూరు తాలూకాలో లక్కూరు వైపు పనిచేసిన రోజుల్లో నా కింద ఉన్న ఒక ఊళ్లో పట్టుపురుగులు పెంచే కుటుంబం ఉండేది. అత్త మునెమ్మ, ఆమె కొడుకు నాగరాజు, కోడలు రత్న, మూడేళ్ల మనవరాలు. రత్న రెండోసారి గర్భవతి. మొదటి కాన్పులో రక్తం ధారకట్టి పోతే, కోలారు ఆసుపత్రిలో రక్తం ఎక్కించి ఎలాగో బతికించారు. ఈసారి ఐదో నెలలో వేలికి సూది గుచ్చి చూస్తే రక్తం ఎనిమిది ఉంది. పదకొండైనా ఉండాలి. ఇలాగే కాన్పుకు వెళ్లి, మళ్లీ అలాగే రక్తం పోతే, కోలారు చేరేలోపే ఈ పిల్ల చనిపోతుందని నాకు తెలుసు. వాళ్లకూ దాచకుండా చెప్పాను.

మాత్రలు ఇచ్చి, నెల తర్వాత వెళ్లి చూశాను. గోడ గూట్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఎందుకు మింగలేదు?"

"నాకి సరిపోవు నర్సమ్మా. కడుపులో తిప్పతాది."

"తిన్న తర్వాత మింగు. నిమ్మకాయ నీళ్లతో మింగు."

"సరే" అంది. మింగలేదు.

నాగరాజు పెళ్లాం అంటే ప్రాణం పెట్టే మనిషి. కాళ్లావేళ్లా పడ్డాడు, ఒట్లు పెట్టాడు, ఒకరోజు నా ముందే ఏడ్చాడు. మునెమ్మ ఖర్జూరాలు తెచ్చింది, దానిమ్మకాయలు తెచ్చింది, ఎవరో చెప్పారని టానిక్కు సీసా తెచ్చింది. నేను వెళ్లినప్పుడల్లా ముగ్గురం చుట్టూ కూర్చుని ఆ పిల్లకు బోధ చేసేవాళ్లం. నేను పటం విప్పేదాన్ని. ఆమె తలవంచుకుని అంతా వినేది. విని, "పురుగులకి ఆకు వెయ్యల్ల" అని లేచి వెళ్లిపోయేది.

నా పుస్తకంలో ఆమె పేరు పక్కన "సహకరించడం లేదు" అని రాశాను. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే సులువైన పని ఆ రెండు మాటలు రాయడం. రాసిన వెంటనే తప్పంతా అవతలివాళ్లదైపోతుంది.

నేనిచ్చిన సలహా

ఒకరోజు మునెమ్మ నన్ను వాకిట్లోనే ఆపింది.

"నర్సమ్మా, ఆ పిల్లకి తెలీకుండా దేంట్లోనన్నా కలిపి పెట్టేదానికి కాదా?"

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "సంగటిలో కలుపు" అన్నాను. రాగి సంగటి నల్లగా ఉంటుంది, మాత్ర నూరి కలిపితే కనబడదు. పైగా సంగటిని ఎవరూ నమలరు, ఉండ చేసి పులుసులో ముంచి మింగడమే. రుచి కూడా తెలియదు. ఇంత గొప్ప ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే అని మురిసిపోయాను. మీటింగులో తోటి నర్సులకు కూడా చెప్పాను. ఇద్దరు రాసుకున్నారు.

రాగుల్లో ఉండే పదార్థాలు మాత్రలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవని నేను చదువుకున్నదాన్నే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. తీరా అవసరమైన చోట గుర్తు రాలేదు. రోజుకు ఒక్కటే కలపాలని కూడా గట్టిగా చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో తల్లి కంచంలోంచే బిడ్డ తింటుంది. అది నేను కళ్లారా చూసినదే.

మూడు వారాల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం నాగరాజు ఫోన్ చేశాడు. పాప వాంతులు చేసుకుంటోంది, వాంతి నల్లగా ఉంది. నేను చేరేసరికి పిల్ల వేలాడిపోయి ఉంది. ఆటోలో మాలూరు తీసుకెళ్లాం. దారిలో మునెమ్మ నా చెవిలో చెప్పింది.

"ఎక్కువేస్తే బిరీన రక్తం వస్తాదని ఈ పొద్దు ఆరు మాత్రలేసినా నర్సమ్మా. సగం ముద్ద పాప తినేసింది."

ఐరన్ మాత్రలు పసిపిల్లల ప్రాణం తీయగలవు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. మాలూరు డాక్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పి, పిల్లను ఆసుపత్రిలో పెట్టాం. వాంతుల్లో చాలావరకు బయటికి పోవడంతో బతికి బయటపడింది. రెండు రోజులకు ఇంటికి పంపారు.

రత్న అరవలేదు, తిట్టలేదు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి నా మొహంలోకి చూస్తూ, "నా కూతురికి పెట్టిస్తిరి కదా నర్సమ్మా" అంది. అంతే.

నా పైవాళ్లకు చెప్పానా అని మీరు అడగవచ్చు. చెప్పాను, సగం. "ఇంట్లోవాళ్లు పొరపాటున కలిపారు" అని రాసిచ్చాను. ఎవరు కలపమన్నారో రాయలేదు. ఆ మాట మొదటిసారి రాయడం ఇక్కడే.

ఆ తర్వాత రత్న అత్త చేతి సంగటి తినడం మానేసింది. తనకూ బిడ్డకూ వేరే పొయ్యి మీద ఇంత అన్నం వండుకునేది. తిండి ఇంకా తగ్గింది. ఏడో నెలలో చూస్తే రక్తం ఏడుకు దిగింది. కోలారు వచ్చి ఇనుమును డ్రిప్పులో ఎక్కించుకోమని డాక్టరు కబురు పంపితే దానికీ రాలేదు. ప్రేమతో మేమంతా కలిసి ఆమెను రెండు నెలల్లో చావుకు ఇంకో మెట్టు దగ్గర చేశాం.

తడి ఆకు

క్షమాపణ చెప్పుకుందామని ఒకరోజు పటం లేకుండా, సంచీ లేకుండా వెళ్లాను. రత్న పురుగుల గదిలో ఉంది. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచిన సమయం అది. పురుగులు మేత మాని, కదలకుండా పడుకుని చర్మం విడిచే నిద్రను అక్కడ జ్వరం అంటారు. నాలుగోది దాటాక వారం రోజులు ఆకలి మీద ఆకలిగా ఆకు తిని, గూడు కట్టడానికి ఎక్కుతాయి. ఆ వారంలో ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. బయటివాళ్లను గదిలోకి రానివ్వరు. నూనె వాసన, సబ్బు వాసన, బీడీ వాసన తగిలినా పురుగులు చెడతాయని భయం. ఆసుపత్రి వాసన మోసుకుని తిరిగే నన్ను ఎన్నడూ గడప దాటనివ్వలేదు. నేను గడప బయటే కూర్చున్నాను.

"తప్పు నాదే రత్నా. సంగటిలో కలపమన్నది నేనే" అన్నాను.

ఆమె ఆకు పరుస్తూనే ఉంది.

ఐదో నెలలోనే అడగవలసింది అప్పుడు అడిగాను. "మొదటి కాన్పప్పుడు ఈ మాత్రలు మింగినావా?"

"మింగినా. దినామూ మింగినా, మూడు నెల్లు."

"అప్పుడు కడుపులో తిప్పలేదా?"

"లేదు."

"మరి ఎందుకు మానేశావు?"

రత్న చేతిలో ఆకు కింద పెట్టింది.

"పంట పోయింది నర్సమ్మా. గూడెక్కే ముందర పురుగులన్నీ మెత్తబడి, నల్లబడి చచ్చిపోయినాయి. ఈ పిల్ల మింగే మాత్రల వాసన తగిలే చచ్చినాయని మా అత్త ఊరందరి ముందరా అనె. తేన్పొస్తే ఇనుము వాసనొస్తా ఉండె, నిజమే. ఆ పొద్దే మానేసినా. మళ్ల కాన్పులో అట్లయింది. మాత్రలు మానేసినందుకే అట్లాయెనని ఎవురూ అనలేదు. ఇప్పుడు అందరూ మింగు మింగు అంటారు. మింగితే, పురుగులు పోతే, మళ్ల నన్నే అంటారు కదా?"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఐదో నెలలో "కడుపులో తిప్పతాది" అంటే అదే నిజమనుకుని నిమ్మకాయ నీళ్లు చెప్పి వెళ్లిపోయినదాన్ని. నాతో అబద్ధం చెప్పడం ఎంత సులువో ఆ పిల్లకు మొదటి రోజే అర్థమైంది.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మునెమ్మ ఆకు గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. గంప దించి, గోడకు చేరబడి ఆయాసం తీర్చుకుంది. కాదంటుందనుకున్నాను.

"అన్నా. నేనే అన్నా" అంది. "అది అబద్దం."

రత్న తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు వాన. ఆకు తడిసి ఉండె. తుడిసి, ఆరబెట్టి వెయ్యల్ల. నాకి కాళ్లు పీకతా ఉండె, నిలబడేదానికి చాతకాలేదు. అట్లే తడాకు వేసేసినా. అది తిని చచ్చినాయి. నాకి ఆ పొద్దే తెలుసు. మీ మామ ఉండె అప్పుడు, తన్నతాడని నీ మీదేసినా."

మునెమ్మ వెనకే ఇంకో గంపతో వచ్చిన నాగరాజు నోరు తెరుచుకుని తల్లిని చూస్తున్నాడు. రత్న మాత్రం చలించలేదు.

"ఇప్పుడు నన్ను మింగించేదానికి ఇట్లంటా ఉండావు. సంగటిలో కలిపినట్లే ఇదీనూ."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఒకసారి మోసం చేసి తినిపించాక, ఆ తర్వాత నిజం చెప్పినా అది ఇంకో ఉపాయంలాగే వినబడుతుంది. మునెమ్మ లోపలికి వెళ్లి గూట్లోంచి మాత్రల అట్ట తెచ్చింది. నాలుగు మాత్రలు విప్పి, అరచేతిలో నీళ్లు పోసుకుని నలిపింది. చెయ్యంతా ఎర్రగా, బురదగా అయింది. ఆ చేత్తోనే ఆకు తీసుకుని, పురుగుల గదిలోకి వెళ్లి మొదటి తట్టలో వేసింది.

"అమ్మా! ఏం చేస్తా ఉండావు? పిచ్చి గిచ్చీ పట్టిందా?" నాగరాజు పరుగెత్తాడు.

"నోరు ముయ్యిరా."

ఒక తట్టతో ఆపుతుందనుకున్నాను. రెండో తట్టకు వెళ్లింది. మూడో తట్టకు వెళ్లింది. గదిలో ఉన్న తట్టలన్నిటికీ ఆ ఎర్ర చేత్తోనే ఆకు వేసింది. ఆ ఇంటికి నెల రోజుల కష్టం, రాబోయే నెలల తిండి, అన్నీ ఆ తట్టల్లోనే ఉన్నాయి. వేయడం అయ్యాక కోడలి ముందుకొచ్చి నిలబడింది.

"గూడెక్కేదాకా నేనే వేస్తా, ఈ చేత్తోనే. చచ్చిపోతే నువ్వన్నది నిజం. నువ్వు చూస్తా ఉండు."

ఆ వారమంతా నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. వాసన వల్ల పురుగులు చస్తాయో లేదో నాకేం తెలుసు? నేను చదివింది మనుషుల గురించి, అదీ అంతంతమాత్రం. వేరే ఏ కారణంతో పురుగులు చచ్చినా సరే, ఆ పిల్ల జన్మలో మాత్ర ముట్టదు. రోజూ నాగరాజుకు ఫోన్ చేసేదాన్ని. "తింటా ఉండాయి" అనేవాడు. మర్నాడు మళ్లీ, "ఇంకా తింటా ఉండాయి."

ఇంకో వేలు

ఎనిమిదో రోజు వెళ్లాను. పురుగులు పండి, పసుపురంగుకు తిరిగి, చంద్రికెలనే వెదురు తడకల మీదికి ఎక్కి గూళ్లు అల్లుకుంటున్నాయి. ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు. మునెమ్మ అరచేతి గీతల్లో ఎరుపు ఇంకా పోలేదు. రత్న నా ముందుకొచ్చి కూర్చుని తానే వేలు చాపింది. గుచ్చాను. ఏడు కూడా లేదు.

"సరే, ఇయ్యి నర్సమ్మా మాత్ర. ముందర మా అత్తకి కూడా గుచ్చు."

"మీ అత్త గర్భిణి కాదు కదా" అన్నాను. నిజంగానే అన్నాను. నా పుస్తకంలో గర్భిణులకూ బాలింతలకూ గడులున్నాయి. అత్తలకు లేవు.

రత్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"తడాకు ఆరబెట్టే చాతనం ఏంటికి లేకపోయె ఆమెకి? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గంప దించినాక గోడకి ఆనుకొని నిలబడల్ల. అన్ని నెల్లు ఆమె పక్కన కూసొని నాకి చెప్తివే, నీకి కనపడలేదా?"

కనబడలేదు. రత్నను ఒప్పించడానికి నాకు పనికొచ్చే మనిషిగా తప్ప మునెమ్మను నేను చూడనేలేదు. వేలు గుచ్చాను. వచ్చిన చుక్క పలచగా, రంగులేకుండా ఉంది. ఐదు. నమ్మకం కుదరక ఇంకో వేలు గుచ్చాను. మళ్లీ ఐదు. ఈ రక్తంతో ఆ మనిషి గంపలు మోసింది, పొలం చేసింది, కోడలి కోసం ఊరంతా తిరిగి దానిమ్మలు తెచ్చింది. వాటిలో ఒక్క గింజ తన నోట్లో వేసుకుని ఉండదు.

"నాకేం రోగమమ్మా? నాకొద్దు మాత్రలు. కడుపులో తిప్పతాది" అంది మునెమ్మ.

నాగరాజు, "అమ్మా, నా మీద ప్రేమ ఉంటే..." అని మొదలుపెట్టాడు. రత్న చెయ్యి ఎత్తి ఆపింది. అట్టలోంచి రెండు మాత్రలు తీసి, ఒకటి అత్త చేతిలో పెట్టింది. ఒకటి తను మింగి, నీళ్లు తాగి, చెంబు అత్తకు అందించింది.

"తిప్పతాది అత్తా. రెండు దినాలు తిప్పతాది, మళ్ల సరిపోతాది. నేను మింగినా కదా అప్పుడు, నాకి తెలుసు."

మునెమ్మ చెంబు పట్టుకుని కాసేపు కోడలినే చూసింది. తర్వాత మింగింది. అన్ని నెలల్లో ఆ ఇంట్లో నేను నోరు మూసుకుని కూర్చున్నది అప్పుడే.

మర్నాడే ఇద్దరినీ కోలారు తీసుకెళ్లాను. రత్నకు కాన్పు దగ్గరపడుతోంది కాబట్టి మాత్రలొక్కటే చాలవు, డ్రిప్పు కూడా పెట్టారు. మునెమ్మకు ఏళ్ల తరబడి మొలల్లోంచి రక్తం పోతోందని అక్కడ బయటపడింది. ఎవరికైనా చెప్పావా అంటే, ఎవురడిగినారమ్మా అంది.

కాన్పు కోలారులోనే జరిగింది. భయపడినట్టే ఈసారీ రక్తం పోయింది. కానీ ఈసారి ఒంట్లో పోవడానికి కాస్త రక్తం ఉంది. డాక్టర్లు ఆపగలిగారు. ఆడపిల్ల. నేను డ్యూటీ కాకపోయినా వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. రత్న కళ్లు తెరిచి, బిడ్డను చూసుకుని, పెదాలు తడుపుకుని నన్ను దగ్గరికి రమ్మంది.

"మా అత్త పొద్దున మాత్ర మింగిందా?"

నాకు తెలియదు. బయటికి వెళ్లి చూస్తే, మునెమ్మ వరండాలో నేలమీద కూర్చుని చీరకొంగుతో మొహం తుడుచుకుంటోంది. అడిగాను. గాబరాలో మర్చేపోయినా అంది. మాత్ర మాత్రం కొంగున ముడివేసుకుని తెచ్చుకుంది. ముడి విప్పుతుండగా నేను లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.